రాతినారకు తడి శాసనము

ప్రయోగశాలలో సారాదీపముపై బీకరును కాచునప్పుడు అడుగున తీగవల పెడతాము. పాత వలలలో చాలావాటి నడుమ తెల్లని గుండ్రని పూత ఉండేది. అదియే రాతినార, అనగా ఆస్‌బెస్టాస్. ఇప్పటి వలలకు పింగాణి పూత వేస్తున్నారు. ఎందుకో విద్యార్థులకు చెప్పదగిన సంగతి.

రాతినార నిజముగా రాయియే. కాని నారవలె పీచుపీచుగా విడిపోతుంది. మన పులివెందుల ప్రాంతపు గనులలో కూడ ఇది దొరికినది. నిప్పంటదు, వేడిని సులభముగా ప్రసరింపనీయదు. అందుచేత ఆవిరి గొట్టాలకు చుట్టారు, ఉక్కు దూలాలపై చిమ్మారు, సిమెంటులో కలిపి రేకులు చేశారు.

చిక్కంతా ఆ పీచులోనే ఉన్నది. నలిపిన కొలది పోగు నిలువునా చీలి, సన్నబడి, కంటికి కానరాక గంటల తరబడి గాలిలో తేలుతుంది. ఊపిరితిత్తులలోని భక్షకకణము దానిని మ్రింగబోతుంది. కాని పొడవైన పోగు దానికి లొంగదు. కణము చస్తుంది, పోగు మిగులుతుంది. ఊపిరితిత్తులు గట్టిపడుట, వాటికి గాని వాటిని కప్పిన పొరకు గాని క్యాన్సరు వచ్చుట, ఇవన్నీ 20, 30 ఏండ్ల తరువాత, ఒక్కొక్కప్పుడు ఇంకా ఆలస్యముగా బయటపడతాయి. గొట్టాలకు రాతినార చుట్టే పనివారిలో ఈ జబ్బులెంత హెచ్చో 1964లో న్యూయార్కు వైద్యుడు సెలికాఫ్, ఆయన సహచరులు లోకానికి చూపారు.

1970 నాటి అమెరికా స్వచ్ఛవాయు చట్టము క్రింద 1971లో రాతినారను బెరిలియము, పాదరసములతో పాటు అపాయకర వాయుకాలుష్య పదార్థముల జాబితాలో చేర్చారు. 1973లో నియమాలు వచ్చాయి. ఇక్కడ ఒక తమాషా సమస్య. పొగగొట్టమైతే మూతివద్ద కొలవవచ్చును. కూలుతున్న మేడకు మూతి యెక్కడ? అందుచేత ఎంత వదలవచ్చునో చెప్పక, పని ఎట్లు చేయవలెనో చెప్పారు. తడపలేదని అభియోగము వచ్చిన ఒక కూల్చివేత కంపెనీ, పనిచేసే పద్ధతి ‘విడుదల ప్రమాణము’ కానేకాదని వాదించి, 1978లో అక్కడి సుప్రీంకోర్టులో నెగ్గినది! ఆ లొసుగును శాసనసభ చట్ట సవరణలతో పూడ్చవలసి వచ్చినది.

నేటి నియమము ప్రకారము పెద్ద కట్టడమును పడగొట్టుటకు ముందు రాతినార ఉన్నదేమో పరిశీలించాలి. 10 పనిదినాలు ముందుగా అధికారులకు తెలపాలి. నూటికి 1 పాలు మించి రాతినార ఉండి, పొడిగా ఉన్నప్పుడు చేతితో నలిపితే పొడి అయ్యే సరుకే అన్నిటికంటె ప్రమాదకరము. అట్టిది గొట్టాలపై 260 అడుగులు గాని, ఇతర భాగాలపై 160 చదరపు అడుగులు గాని ఉంటే, కూల్చక ముందే తడిపి తీయాలి. పైనుంచి పారవేయరాదు. తడిగానే సంచులలో మూసి చీటీ అంటించాలి. వట్టి నీరు పీచులోనికి సరిగా ఇంకదు గనుక సబ్బు వంటి పదార్థము కలుపుతారు. తలతన్యత పాఠమునకు ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

సిమెంటు రేకు చేతికి నలగదు. కాని దానిని రంపముతో కోసినా, అరగదీసినా పీచు లేస్తుంది. మన పాఠశాలల కప్పులపై అట్టి రేకులున్నచోట, మరమ్మతు నాడు ఆ గదులలో పిల్లలను కూర్చోబెట్టరాదు.

మన సుప్రీంకోర్టు 1995లో, రాతినార కార్మికుల ఆరోగ్య రికార్డులను 40 ఏండ్లు గాని, పని మానిన తరువాత 15 ఏండ్లు గాని, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచవలెనని ఆదేశించినది. జబ్బు అంత నిదానముగా వస్తుంది మరి.