పలకను చదివే యంత్రం

పలక అనగానే తెలుగునాట ఏ తరానికైనా గుర్తొచ్చే ఊరు మార్కాపురం. బడి పిల్లల చేతుల్లోంచి జారిపోయిన ఆ రాయి ఇప్పుడు దేశవిదేశాల్లో ఇళ్ల గోడలెక్కుతోంది. దాని మంచిచెడ్డలు తేల్చే పనిని కెమెరాకూ కంప్యూటరుకూ అప్పగించే పరిజ్ఞానమూ వచ్చేసింది. మరి, ఆ యంత్రానికి పాఠం చెప్పేదెవరు?

ఉలి అంచును రాతి పొర మీద ఆనించి సుత్తితో మెల్లగా ఒక దెబ్బ. ఇంకొంచెం పక్కన మరొకటి. అంతే... రాయి పుస్తకంలో పేజీ తిప్పినట్టు విడిపోతుంది. దెబ్బ కాస్త గట్టిగా పడిందా, ముక్కలే మిగులుతాయి. అనుభవం ఉన్న పనివాడు రాతిని మీటి, ఆ చప్పుడు వింటాడు. ఖంగుమంటే మంచి రాయి. బొంగురుగా మోగితే లోపలెక్కడో పగులుందన్నమాట. ఏ పాఠ్యపుస్తకంలోనూ చదువుకోని విద్య ఇది. తండ్రి పక్కన కూర్చుని కొడుకూ, మేస్త్రీ పక్కన కూర్చుని కుర్రాడూ నేర్చుకున్నది.

ఈ రాయి వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న బురద, భూమి లోపలి ఒత్తిడికీ వేడికీ గట్టిపడి పొరలు పొరలుగా మారింది. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ శిలలకు పెట్టిన పేరు కూడా ఇక్కడి ఊరిదే- 'కంభం' శ్రేణి. మార్కాపురం, కంభం, గిద్దలూరు... 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా ఇవన్నీ కర్నూలు జిల్లా ఊళ్లు. ఒకపక్క నల్లమల, ఇంకోపక్క వానను నమ్ముకున్న మెట్ట పొలాలు. వాన మొహం చాటేస్తే ఇక్కడివాళ్లకు వలసో, రాతి పనో!

చట్రం పోయింది... రాయి మిగిలింది

పలకల కాలంలో ఒక్క రాయి చుట్టూ ఎన్ని చేతులో! గనిలో తవ్వేవారు, పొర తీసేవారు, కొలతకు కోసేవారు, నున్నగా రుద్దేవారు, కొయ్య చట్రం బిగించేవారు. ప్లాస్టిక్ పలకలొచ్చాయి, నోటుపుస్తకాలొచ్చాయి. ఒకటో తరగతి పిల్లాడి సంచిలో రాతి పలకకు చోటే లేకుండా పోయింది. ఆ దెబ్బకు మార్కాపురం కుదేలైనా కూలిపోలేదు. అదే రాతిని గోడలకూ నేలకూ అతికించే డిజైన్ టైల్స్‌గా మార్చి అమ్మడం నేర్చుకుంది. రాతి పలకను వెనక్కి నెట్టిన చదువుల బల్ల మీదే ఇప్పుడు ట్యాబ్లెట్ అనే కొత్త పలక కూర్చుంది. అది వేరే సంగతి.

టైల్స్ వ్యాపారం పలకలంత సులువు కాదు. పలక నల్లగా, నున్నగా ఉండి, రాస్తే అక్షరం కనబడితే చాలు. టైలు అలా కాదు. మందం తేడా రాకూడదు, అంచు చిట్లకూడదు. ఒక పెట్టెలోని రాళ్ల రంగులు ఒకదానికొకటి కుదరాలి. రాతిలో బంగారు చుక్కల్లా మెరిసే పైరైట్ చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది. అందులో ఉన్నది ఇనుము, గంధకం. తడి తగిలితే కొన్నాళ్లకు తుప్పు చారలు దిగుతాయి. సముద్రం దాటి వెళ్లిన సరుకులో ఇలాంటి లోపం బయటపడితే నష్టం ఎగుమతిదారు దగ్గర ఆగదు. రేట్లు తగ్గుతాయి, ఆ కోత చివరికి కూలి దాకా వస్తుంది. అందుకే టైల్స్ పనిలో గ్రేడింగే ప్రాణం. పొద్దుటి చూపు సాయంత్రం ఉండదు. కంటికి అలసట వస్తుంది, వెలుతురు మారుతుంది, ఒకరికి 'ఫస్ట్' అనిపించింది ఇంకొకరికి 'సెకండ్' అవుతుంది.

కృత్రిమ మేధ పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే.

స్పెయిన్ ఏం చేసింది?

ఇంటి కప్పులకు వేసే రాతి పలకల్లో ప్రపంచానికి పెద్దన్న స్పెయిన్. అక్కడి గలీసియా ప్రాంతం కూడా ఓ మార్కాపురమే. తీసిన ప్రతి పలకనూ మనుషులే కంటితో చూసి వేరు చేయడం అక్కడా అలవాటు. ఆ ప్రాంతంలోనే ఉన్న విగో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ పనికి యంత్రాన్ని తయారుచేసి, 2018లో వివరాలు ప్రచురించారు. రంగుతోపాటు ఎత్తుపల్లాలనూ కొలిచే త్రీడీ కెమెరా కింద పలకను నడిపిస్తే, వంకరలూ మచ్చలూ విరిగిన అంచులూ కంప్యూటర్ పట్టేస్తుంది. గమనించాల్సిన సంగతి ఇంకొకటుంది. అంత ముందున్న ఆ దేశంలోనూ రాయిని పొరలుగా చీల్చే పని చాలాచోట్ల నేటికీ ఉలి పట్టిన చేతిదే. ఏ రెండు రాళ్లూ ఒకేలా చీలవు మరి. ఉలి పనికంటే ముందు, గ్రేడింగ్ బల్ల దగ్గర కూర్చునేవారి పనికే యంత్రం పోటీకి వస్తుందన్నమాట.

అలాగని స్పెయిన్ యంత్రాన్ని కొని తెచ్చి మార్కాపురంలో పెడితే సరిపోతుందా? పోదు. కృత్రిమ మేధకు రాయంటే ఏమిటో పుట్టుకతో తెలియదు. పిల్లాడితో అ, ఆలు దిద్దించినట్టు దాంతోనూ దిద్దించాలి. 'ఇది మంచిది, ఇది పగిలింది, ఇది రంగు కుదరనిది' అని పేరు రాసిన ఫొటోలు వేలల్లో చూపిస్తే తప్ప దానికి ఒంటబట్టదు. కప్పు మీద వేసే నల్లరాయి చూసి నేర్చిన యంత్రానికి, గోడ అందానికి వాడే రంగురంగుల రాయి అంతా లోపాల పుట్టలానే కనిపించవచ్చు. సహజమైన ఎగుడుదిగుడే కావాలని అడిగి కొనేవారి సరుకును అది చెత్తకుప్పలో వేసినా ఆశ్చర్యం లేదు.

కాబట్టి దానికి మార్కాపురం రాతితోనే, మార్కాపురం మనిషే నేర్పాలి. ఏళ్ల తరబడి రాతి ముందు కూర్చున్నవారి చూపే ఆ యంత్రానికి ముడిసరుకు. గనిలోంచి తీసే రాయికి లెక్కుంది, రేటుంది. ఈ ముడిసరుకుకు మాత్రం ఇంతవరకూ ఎవరూ రేటు కట్టలేదు. ఫొటోలకు పేర్లు పెట్టే పనికి కూలి ఎంత? నేర్చుకున్న యంత్రం ఎవరి సొంతం? పాఠం చెప్పిన మనిషికి రేపు ఆ యంత్రం నడిపే ఉద్యోగమైనా దక్కుతుందా? కెమెరా ధరకన్నా ముందు తేల్చుకోవాల్సిన లెక్కలివి.

ఖర్చు సంగతికొస్తే, చిన్న కార్ఖానాకు సొంతంగా ఇలాంటి యంత్రం పెట్టుకోవడం తలకు మించిన భారం. చిన్న పరిశ్రమలు గుంపుగా ఉన్నచోట అందరూ వాడుకునే ఉమ్మడి సౌకర్యాల కేంద్రాలు కట్టుకోవడానికి కేంద్ర ప్రభుత్వ క్లస్టర్ పథకం సాయం చేస్తుంది. కృత్రిమ మేధ కోసమే 2024 మార్చిలో కేంద్రం రూ.10 వేల కోట్లకు పైగా వ్యయంతో 'ఇండియా ఏఐ మిషన్'ను ఆమోదించింది. ఆ మాటలు ఢిల్లీలో వినిపించినంత గట్టిగా రాతి కార్ఖానాల్లో వినిపించాలంటే మధ్యలో నడిచే మనుషులు కావాలి.

కంటికి కనబడని ధూళి

అయితే యంత్రం కన్ను ముందు పడాల్సింది టైలు మీద కాదేమో. రాతిని కోసినా రుద్దినా ధూళి లేస్తుంది. అందులోని సిలికా రేణువులు మరీ సన్ననివైతే కంటికి ఆనవు, ముక్కులో ఆగవు, నేరుగా ఊపిరితిత్తుల అడుగుకు చేరతాయి. ఏళ్లు గడిచాక వచ్చే జబ్బు పేరు సిలికోసిస్. దాన్ని నయం చేసే మందు లేదు. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో మన పలకకు తోడబుట్టిన బలపాలు కోసే కార్మికుల్ని ఈ జబ్బు ఎంతగా పీల్చిందో, అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ అధ్యయనాలు దేశానికి చూపించాయి. దగ్గు, ఆయాసం చూసి క్షయ అనుకుని ఏళ్లకేళ్లు ఆ మందులే మింగినవారు దేశంలోని రాతి పనుల్లో ఎందరో. రాజస్థాన్ 2019లో సిలికోసిస్ బాధితుల కోసం ప్రత్యేక విధానమే తెచ్చింది. ఛాతీ ఎక్స్‌రేలో ఈ జబ్బు జాడను ఏఐతో పట్టించే పనీ అక్కడ మొదలైంది.

ధూళిని కొలిచే సెన్సర్లు ఇప్పుడు చవకే. గాల్లోకి చిన్న లేజర్ వెలుతురు వదిలి, అది చెదిరే తీరును బట్టి రేణువుల్ని లెక్కగడతాయి. అందులో సిలికా ఎంత, మట్టి ఎంత అని విడదీసి చెప్పలేవు. ఆ పరీక్ష ప్రయోగశాలలోనే జరగాలి. కానీ 'ఈ మూల గాలి పాడైంది' అని చెప్పడానికి అవి చాలు. ఆ సెన్సరునే నీటి మోటారుకు కలిపితే, ధూళి హద్దు దాటగానే కోత రంపం మీద నీళ్లు వాటంతటవే పడతాయి. గాలిని లాగేసే ఫ్యానూ తిరుగుతుంది. రోజూ ఏ గంటలో ధూళి ఎక్కువైందో రికార్డు మిగులుతుంది. యజమాని మరిచిపోయినా, మేస్త్రీ తొందరపడినా ఆ లెక్క చెరిగిపోదు. దీనికి త్రీడీ కెమెరా అక్కర్లేదు, వేల ఫొటోలూ అక్కర్లేదు. నీళ్లకే కటకటలాడే సీమ కాబట్టి వాడిన నీటిని తొట్టిలో తేర్చి మళ్లీ వాడుకునే ఏర్పాటు మాత్రం తప్పదు.

గ్రేడింగ్ యంత్రం ఎప్పుడొచ్చినా దానికి దిద్దించడం ఇవాళే మొదలుపెట్టవచ్చు. ఫొటో తీసే సెల్‌ఫోను ఇప్పుడు ఎవరి జేబులో లేదు? ఫస్ట్ ఏదో, సెకండ్ ఏదో చెప్పగలిగినవారు మాత్రం మార్కాపురం రాతి బల్లల ముందే కూర్చుని ఉన్నారు. వారిలో చాలామంది మొదట అక్షరాలు దిద్దింది కూడా ఆ రాతి మీదే.