వాద్యం కొనే ముందు

బొబ్బిలి వీణ కొనదలచినవారు దాని నగిషీలను మాత్రమే చూచి మురిసిపోరు. ఒకే పనస మానుతో మలచిన ఆ వాద్యం తంత్రులను మీటి, నాదం ఎంతసేపు నిలుస్తున్నదో, ప్రతి మెట్టు మీద శ్రుతి సరిగా పలుకుతున్నదో పరీక్షిస్తారు. విద్యుత్తుతో పలికే ఆధునిక వాద్యాల విషయంలో ఈ వివేకం తరచుగా మరుగున పడుతున్నది. లక్షల రూపాయల వెలగల కీబోర్డును సైతం కొందరు కరపత్రంలోని అంకెలను చూచి కొంటారు. అంకె పెద్దదైతే వాద్యం గొప్పదని భావిస్తారు. ఆ అంకెలు దేనిని కొలుస్తున్నాయో తెలిసినప్పుడే పోలికకు సార్థకత ఉంటుంది.

విద్యుత్ సంకేతాల ద్వారా ధ్వనిని సృష్టించే వాద్యం సింథసైజర్. అనేక వాద్యాల ధ్వనులను, తాళవాద్యాల మోతను, ప్రతిధ్వని వంటి హంగులను, వాయించిన దానిని వరుసలుగా నమోదు చేసే సీక్వెన్సర్‌ను ఒకే పెట్టెలో సమకూర్చితే అది వర్క్‌స్టేషన్ అవుతుంది. 1983లో వెలువడిన మిడి అనే ప్రమాణం వేర్వేరు సంస్థల వాద్యాలను ఒకదానితో ఒకటి అనుసంధానించే వీలు కల్పించింది. 1988లో కార్గ్ సంస్థ విడుదల చేసిన ఎమ్1 వర్క్‌స్టేషన్‌కు విశేష ప్రచారం తెచ్చింది. ఒక్క సంగీతకారుడు తన గదిలోనే వాద్యబృందానికంతటికీ నమూనా రచన చేసుకోగలిగాడు. ఆ తరువాత కార్గ్ ట్రైటన్ 1999లో, యమహా మోటిఫ్, రోలాండ్ ఫాంటమ్ 2001లో వచ్చాయి. ఈ మూడు జపాన్ సంస్థల పోటీ నుండే 2011లో క్రోనోస్, 2016లో మాంటేజ్, 2019లో కొత్త ఫాంటమ్ వెలువడ్డాయి.

వర్క్‌స్టేషన్‌ను ఎరేంజర్ కీబోర్డుతో పొరబడకూడదు. ఎడమచేతితో స్వరసముదాయాన్ని నొక్కగానే తాళాన్ని, సహకార వాద్యాలను తానే వాయించేది ఎరేంజర్. వివాహ వేదికల మీద ఒంటరిగా వాయించేవారికి అది ఎంతో అక్కరకు వస్తుంది. ప్రతి వరుసనూ స్వయంగా కూర్చుకోదలచినవారికి వర్క్‌స్టేషన్ తగినది. ఈ భేదం తెలియక కొన్న వాద్యం ఎంత ఖరీదైనదైనా నిరుపయోగంగా పడి ఉంటుంది.

కరపత్రాలలో మొదట కనిపించే అంకె ధ్వనుల నిల్వకు సంబంధించినది. ఎమ్1లో ఈ నిల్వ 4 మెగాబైట్లు. ట్రైటన్‌లో అది 32 మెగాబైట్లు. 2010లో వచ్చిన మోటిఫ్ ఎక్స్‌ఎఫ్‌లో 741 మెగాబైట్లకు, మాంటేజ్‌లో 5.67 గిగాబైట్లకు పెరిగింది. నిల్వ పెరిగిన కొద్దీ ఒకే స్వరాన్ని మెల్లగా, గట్టిగా వాయించినప్పటి వేర్వేరు ధ్వనులను పొందుపరచవచ్చు. అందువల్ల పియానో వంటి వాద్యాలలో సహజత్వం పెరుగుతుంది. అయినా 4 మెగాబైట్లలో ఇమిడిన ఎమ్1 పియానో, ఆర్గన్ ధ్వనులు 1990ల నృత్యసంగీతంలో ప్రముఖ స్థానం పొందాయి. ఆ ధ్వనుల మీది మక్కువ తగ్గనందున కార్గ్ వాటిని కంప్యూటరు సాఫ్ట్‌వేర్ రూపంలోనూ అందించింది. నిల్వ పరిమాణాన్ని కొలవవచ్చు గాని, ధ్వనిలోని మాధుర్యాన్ని చెవి మాత్రమే నిర్ణయించగలదు.

రెండవ అంకె పాలిఫొనీ. ఒకేసారి పలకగల స్వరాల సంఖ్య ఇది. ఎమ్1లో ఈ సంఖ్య 16. అయితే ఒక ధ్వనికి రెండు ధ్వని మూలాలను జోడించినప్పుడు అది 8కి తగ్గేది. పెడల్ నొక్కి రెండు చేతులతో వాయించేటప్పుడు కొత్త స్వరాలకు చోటివ్వడానికి పాత స్వరాలు అర్ధాంతరంగా ఆగిపోయేవి. కనుక ఆ రోజులలో ఈ అంకె కీలకమైనది. ఇప్పటి పెద్ద వాద్యాలలో ఇది సాధారణంగా 128 లేదా అంతకు మించి ఉంటుంది. అనేక పొరల ధ్వనులతో రచన చేసేవారికి 128కి, 256కి మధ్య భేదం ముఖ్యమే. పియానో ఒక్కటే వాయించేవారికి ఆ భేదం అంతగా వినిపించదు.

నమోదు విధానంలోనూ పోటీదారుల దారులు వేరు. క్రోనోస్‌లో 16 మిడి వరుసలతో పాటు 16 ధ్వని వరుసలు ఉండేవి. గాయకుని కంఠాన్ని కూడా అందులోనే నమోదు చేసుకోవచ్చు. మాంటేజ్ విడుదలైన నాటికి అందులో సరళమైన నమోదు సదుపాయమే ఉండేది. ప్యాటర్న్ సీక్వెన్సర్ 2019లో సాఫ్ట్‌వేర్ నవీకరణ ద్వారా చేరింది. 2019 నాటి ఫాంటమ్ చిన్న చిన్న భాగాలను కూర్చి పాటగా మలచే పద్ధతికి ప్రాధాన్యమిచ్చింది. కంప్యూటరు మీద నమోదు చేసేవారికి ఈ తేడాలు పెద్దవి కావు. కంప్యూటరు లేకుండా పని ముగించదలచినవారికి ఇవే నిర్ణాయకాలు.

ఒకే సంస్థ వాద్యాలను పోల్చడం మరింత లాభదాయకం. యమహా 2018లో విడుదల చేసిన మోడ్‌ఎక్స్‌లో మాంటేజ్‌లోని ధ్వనుల నిల్వే ఉన్నది. విడుదల నాటి వెల మాత్రం అందులో సగం కంటె తక్కువ. 61 మీటల మాంటేజ్ 15 కిలోల బరువుండగా, అన్నే మీటల మోడ్‌ఎక్స్ 6.6 కిలోలు. అయితే మోడ్‌ఎక్స్‌లో మీటల నాణ్యత కొంత తక్కువ. నొక్కి ఉంచిన మీటపై మరింత ఒత్తిడి పెట్టి ధ్వనిని మార్చే ఆఫ్టర్‌టచ్ లేదు. ఊరూరా తిరిగి కచేరీలు చేసేవారికి తక్కువ బరువే వరం కావచ్చు. స్టూడియోలో కూర్చుని సాధన చేసేవారికి మీటల స్పర్శే ప్రధానం కావచ్చు.

మన సంగీతానికి మరొక పరీక్ష అవసరం. కర్ణాటక సంగీతానికి ప్రాణం గమకం. మీటల మీద స్వరస్థానాలు స్థిరంగా ఉంటాయి గనుక, స్వరాన్ని వంచే సాధనం ద్వారానే గమకాన్ని పలికించాలి. ఇందుకు యమహా వాద్యాలలో చక్రాలు, కార్గ్ వాద్యాలలో జాయ్‌స్టిక్, రోలాండ్ వాద్యాలలో పక్కలకు కదిలే పిడి ఉండటం పరిపాటి. ఎడమచేతికి ఏది ఒదుగుతుందో కరపత్రం చెప్పలేదు. తనకు బాగా వచ్చిన ఒక రాగాన్ని, ఒక పాటను ప్రతి వాద్యం మీదా వాయించి చూడటమే న్యాయమైన పోలిక. ధ్వని ఎక్కువైనది మెరుగనిపించడం సహజం కనుక, అన్నింటినీ ఒకే స్థాయిలో వినాలి.

విదేశాల నుండి బంధువుల ద్వారా తెప్పించుకునేవారు వోల్టేజిని గమనించాలి. అమెరికాలో గృహ విద్యుత్తు 120 వోల్టులు. మన దేశంలో 230 వోల్టులు. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే తెలుసుకోవాలి. పాత వాద్యం కొనేవారు ప్రతి మీటనూ మెల్లగా, గట్టిగా నొక్కి చూడాలి. ఎమ్1 వంటి వాటిలో లోపలి బ్యాటరీ నీరసిస్తే దాచుకున్న ధ్వనులు చెరిగిపోతాయి. మరమ్మతు చేసేవారు, విడిభాగాలు అందుబాటులో ఉన్నదీ లేనిదీ విచారించాలి.

ఏ వాద్యం ఉత్తమమన్న ప్రశ్నకు అందరికీ వర్తించే సమాధానం లేదు. ఎవరి కోసం, ఏ పని కోసం అన్నది తేలిన తరువాతే ఆ ప్రశ్నకు అర్థం ఏర్పడుతుంది. కుటుంబం కూడబెట్టిన సొమ్ముతో వాద్యం కొనే విద్యార్థి ముందు తన అవసరాలను కాగితం మీద వ్రాసుకోవాలి. వాటితో సంబంధం లేని అంకెలను పక్కన పెట్టాలి. ఆపై తన చెవిని, చేతిని నమ్మాలి. అలా ఎంచుకున్న వాద్యం సాధారణమైనదైనా నిత్యసాధనకు తోడై, పెట్టిన ప్రతి రూపాయికీ ఫలితమిస్తుంది.