ట్యాంకు బొమ్మకి కుంచె చాలు

సైనిక వాహనాల నమూనాలు చేయాలని సరదాపడే కుర్రాళ్లు మొదట్లోనే ఒక మాట విని వెనక్కి తగ్గుతుంటారు: ఎయిర్‌బ్రష్ లేనిదే కామోఫ్లాజ్ కుదరదని. ట్యాంకో విమానమో శత్రువు కంటపడకుండా చుట్టుపక్కల నేలలో కలిసిపోయేలా వేసే ఆకుపచ్చ, మట్టి, ఇసుక రంగుల మచ్చలే కామోఫ్లాజ్. వాటిని గాలితో చిమ్మాలంటే పెన్ను సైజు స్ప్రే, కంప్రెసర్, గొట్టం, ఆవిరి బయటికి లాగే ఫ్యాను, ముక్కుకి మాస్కు కొనుక్కోవాలి. మన దగ్గర చూస్తే, సైన్యానికి బిడ్డల్ని పంపిన ఊళ్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కొల్లలు. విజయనగరం రాజులిచ్చిన కోరుకొండ ప్యాలెస్‌లో 1962 నుంచి సైనిక్ స్కూలు నడుస్తోంది. ఎన్‌సీసీ నేవీ విభాగంలో ఓడల నమూనాలు, ఎయిర్ విభాగంలో విమానాల నమూనాలు చేయడం కేడెట్లకి కొత్త కాదు. ఇలాంటి చోట ఈ సరదా పరికరాల ఖరీదు దగ్గర ఆగిపోవడం అన్యాయం. పైగా ఎయిర్‌బ్రష్ లేనిదే కుదరదన్న మాట నిజం కూడా కాదు. యుద్ధాల చరిత్ర చూస్తే, అసలు వాహనాలకే చాలాసార్లు కుంచెతో రంగేశారు.

1943 ఫిబ్రవరి నుంచి జర్మన్ ట్యాంకులు ఫ్యాక్టరీలోంచి ముదురు పసుపు రంగులో వచ్చేవి. ఆకుపచ్చ, ఎర్రమట్టి రంగుల ముద్దని డబ్బాల్లో పెట్టి దళాలకి పంపేవారు. ట్యాంకు సిబ్బందే దాన్ని నీళ్లతోనో పెట్రోలుతోనో పలచన చేసి, తామున్న ప్రాంతానికి తగ్గట్టు మచ్చలు వేసుకునేవారు. స్ప్రే గన్ను అందినవాళ్లు దాంతో చిమ్మారు, అందనివాళ్లు కుంచె పట్టారు, చీపురూ పట్టారు. మంచు కురిసే రోజుల్లో సోవియట్ సైనికులు ట్యాంకులకి వెల్ల వేసేవారు. 1944 జూన్‌లో నార్మండీ దాడికి ముందు మిత్రదేశాల విమానాలకి ఒకటి రెండు రోజుల్లోనే నలుపు తెలుపు పట్టీలు వేయాల్సొస్తే, దొరికిన బ్రష్షల్లా వాడేశారు. దగ్గరగా తీసిన ఫొటోల్లో ఆ పట్టీల అంచులు వంకరటింకరగా ఇప్పటికీ కనిపిస్తాయి. మన వైమానిక దళం కూడా 1971 యుద్ధం ముంచుకొస్తున్నప్పుడు తళతళలాడే మిగ్-21ల మీద స్క్వాడ్రన్లలోనే ఆదరాబాదరాగా రంగులు పూయించింది. ఇలా కుంచెతో రంగేసిన వాహనాన్ని బొమ్మగా చేసేవాడు ఎయిర్‌బ్రష్‌తో పొగమంచు అంచులు తెచ్చాడంటే పనితనం బాగున్నట్టే గానీ, చరిత్ర తప్పినట్టే.

ఇంకా వెనక్కి వెళితే, నమూనాకి కుంచెతో రంగు వేయడం ఒకప్పుడు యుద్ధ ప్రయత్నంలోనే భాగం. 1917లో జర్మన్ జలాంతర్గాములు బ్రిటిష్ ఓడల్ని వరసపెట్టి ముంచుతుంటే, నార్మన్ విల్కిన్సన్ అనే చిత్రకారుడు ఓడల మీద అడ్డదిడ్డంగా చారలు వేయించే పద్ధతి ప్రతిపాదించాడు. ఓడ కనపడినా సరే, పెరిస్కోపులో చూసేవాడికి అది ఎటు పోతోందో అంతుపట్టకూడదన్నది ఆయన ఆలోచన. లండన్ రాయల్ అకాడమీ గదుల్లో చిన్న చిన్న కొయ్య ఓడలకి చేత్తో చారలు వేసేవారు. ఆ పని చేసినవాళ్లలో చాలామంది ఆడవాళ్లు. ఆ బొమ్మ ఓడని బల్లమీద తిప్పుతూ పెరిస్కోపులోంచి పరీక్షించి, కంటిని బోల్తా కొట్టించగలిగిన చారల్నే రేవులో అసలు ఓడ మీద వేయించేవారు. నమూనాలు చేసేవాళ్లు గర్వంగా చెప్పుకోదగ్గ చరిత్ర ఇది.

చరిత్ర సరే, అసలు వాహనానికి స్ప్రే గన్నుతోనే వేసిన చోట మచ్చల అంచులు మెత్తగా, ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోయినట్టు ఉంటాయి కదా, కుంచెతో అదెలా వస్తుందని అడగొచ్చు. ఇది గట్టి అభ్యంతరమే. దీనికి జవాబు లెక్కలో ఉంది. అసలు ట్యాంకు మీద రెండు రంగులు కలిసేచోట మసక అంచు 5 సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకుందాం. 1:35 స్కేలు బొమ్మ మీద అది దాదాపు 1.4 మిల్లీమీటర్లు. 1:72 బొమ్మ మీద 0.7 మిల్లీమీటర్లే. చెయ్యి చాచినంత దూరం నుంచి చూసేవాడికి అది దాదాపు గీత గీసినట్టే కనిపిస్తుంది. చేయి తిరగనివాడు ఎయిర్‌బ్రష్‌తో 1:72 విమానం మీద 3 మిల్లీమీటర్ల మసక అంచు తెచ్చాడనుకోండి, అసలు విమానం మీద అది 21 సెంటీమీటర్లు దాటిన మసక అన్నమాట. మెత్తదనం మరీ ఎక్కువైనా అబద్ధమే.

కుంచె పనిలో అసలు చిక్కు అంచుల దగ్గర కాదు, చారల దగ్గర. రంగు ఎండాక కుంచె వెంట్రుకల జాడలు తేలితే బొమ్మ చవకబారుగా కనిపిస్తుంది. చాలామంది చేతకాదని వదిలేసేది ఇక్కడే. చారలకి కారణం దాదాపు ఎప్పుడూ తొందరే. డబ్బాలోని చిక్కటి రంగు ఒక్క పూతతో ప్లాస్టిక్‌ని కప్పేయాలని చూస్తాం. అక్రిలిక్ రంగుని పాలంత పలచన చేసుకుని, వెడల్పాటి మెత్తటి కుంచెతో మొదటి పూత వేస్తే అడుగు రంగు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. కనిపించనివ్వాలి. సగం ఆరిన చోట మళ్లీ కుంచె పెట్టామా, రంగు పెచ్చులుగా లేచొస్తుంది. పూర్తిగా ఆరనిచ్చి, రెండో పూత మొదటిదానికి అడ్డంగా, మూడోది మళ్లీ నిలువుగా వేస్తే చారలు ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి. అంతకుముందే బొమ్మని పాత్రల సబ్బుతో కడిగి, రంగు పట్టు నిలిచేలా అడుగు పూత, అంటే ప్రైమర్ పట్టించాలి. ఆటోమొబైల్ రంగుల షాపులో దొరికే స్ప్రే ప్రైమర్ వాడేవాళ్లు ముందు వృథా ప్లాస్టిక్ ముక్క మీద చూసుకోవడం మంచిది, కొన్ని ప్లాస్టిక్‌ని తినేస్తాయి. హాబీ రంగులు దొరక్కపోతే స్టేషనరీ షాపులో ఉండే ఫెవిక్రిల్, క్యామెల్ అక్రిలిక్కులూ పనికొస్తాయి. చిక్కన కాబట్టి మరింత పలచన చేయాలి, దాంతో ఇంకో పూత ఎక్కువ పడుతుంది, అంతే.

మచ్చల సంగతికొస్తే, లేతరంగు ముందు ఒళ్లంతా వేసి, ముదురు మచ్చల హద్దు పెన్సిల్‌తో పలచగా గీసుకోవాలి. కుంచెని మచ్చ నడిమధ్యలో ఆనించి రంగుని హద్దు వైపు తోసుకుంటూ పోవాలి. హద్దు దగ్గర మొదలుపెడితే రంగు గట్టుకట్టి, అది ఎండాక వేలికి తగులుతుంది. మెత్తటి అంచే కావాలంటే రెండు రంగుల్నీ కలిపిన మధ్యరంగుతో హద్దు వెంట సన్నటి గీత చాలు. లేదా అరిగిపోయిన పాత కుంచెని దాదాపు పొడిగా తుడిచి, నిలువుగా పట్టుకుని అంచు మీద టపటపా పొడవాలి. సోవియట్ ట్యాంకు వెల్ల ఇంకా తేలిక. పలచటి తెల్లరంగు అక్కడక్కడా వదిలేస్తూ పూసి, ఆరేలోపు తడి చెవిపుల్లతో టర్రెట్ (ట్యాంకు పైన తిరిగే ఫిరంగి గది) మూత చుట్టూ, సైనికుల బూట్లు పడే చోట్లా రుద్దితే, కింద ఆకుపచ్చ తేలి, నెలల తరబడి మంచులో తిరిగిన ట్యాంకే కళ్లముందుంటుంది.

మన తీరంలో వాతావరణం కూడా కుంచె పక్షమే. భావనపాడు నుంచి భోగాపురం దాకా సముద్రం ఒడ్డున గాలిలో తేమ ఎక్కువ. గాలిని కంప్రెసర్ అదిమినప్పుడు ఆ తేమ నీరుగా మారి గొట్టంలో చేరుతుంది. నీరు పట్టే ట్రాప్ పెట్టకపోతే బొమ్మ మీద చుక్కలు చిమ్ముతుంది. అదే తేమ అక్రిలిక్‌ని నెమ్మదిగా ఆరనిస్తుంది కాబట్టి కుంచె జాడలు సర్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. వేసవి వడగాలిలో మాత్రం రంగు కుంచె మీదే గట్టిపడుతుంది, అప్పుడు రంగు ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డర్ చుక్క కలపక తప్పదు.

అన్నిటికీ కుంచే మేలని వాదించడం లేదు. రెండో ప్రపంచయుద్ధపు జర్మన్ యుద్ధవిమానాల పక్కల మీద ఉండే పొగలాంటి చుక్కలు, రంగు వేయని లోహపు అద్దంలాంటి మెరుపు ఎయిర్‌బ్రష్‌కే లొంగుతాయి. మొదటిసారి చేసేవాళ్లు అలాంటి విమానం జోలికి పోకుండా, గట్టి అంచుల మచ్చలున్న ట్యాంకో లారీయో ఎంచుకోవాలి. చివరి మ్యాట్ వార్నిష్ దగ్గర కూడా జాగ్రత్త. వానాకాలంలో స్ప్రే డబ్బాతో కొడితే తేమకి అది తెల్లగా పొగలు కమ్మి, వారాల శ్రమ పాడవుతుంది. నీళ్లతో కలిసే మ్యాట్ వార్నిష్‌ని సీసా బాగా కుదిపి, వెడల్పాటి కుంచెతో రెండు పలచటి పూతలు వేస్తే ఆ భయం ఉండదు.