పొగను చూసి బండి కొనండి

రాణీగంజ్‌లో విడిభాగాల దుకాణం ముందు ఆర్ఎక్స్ 100 ఆగితే మన హాస్టల్ వాళ్లం తల తిప్పకుండా ఉండలేం. 1985లో వచ్చి 1996లో తయారీ ఆగిపోయిన యమహా బండి అది. ఇంజను 98 సీసీయే. మరి ఆ దూకుడు ఎక్కడిది?

ఫోర్‌స్ట్రోక్‌లో క్రాంకు రెండు చుట్లు తిరిగితే పెట్రోలు ఒకసారి మండుతుంది. టూస్ట్రోక్‌లో ప్రతి చుట్టుకూ మండుతుంది. బరువు కూడా నూరు కిలోల పైచిలుకే, మన ఊళ్ల గుంతల బాటల్లో దిగబడితే ఇద్దరం లాగేస్తాం.

అయితే తమ్ముళ్లూ, క్రాంకు అడుగున ఆయిలు నిల్వ ఉండదు. పిస్టన్‌ను కాపాడేది పెట్రోలుతోపాటు లోపలికెళ్లే టూటీ ఆయిలే. రాజ్‌దూత్ 175కి మనమే ట్యాంకులో కలిపి పోయాలి. ఆర్ఎక్స్‌కు వేరే చిన్న ట్యాంకు, పంపు ఉంటాయి. ఆయిలు అందకపోతే పిస్టన్ పట్టేస్తుంది, బోరింగుకు మనం పార్ట్‌టైమ్‌లో కూడబెట్టిందంతా పోతుంది. అందుకే ఎంత రేజ్ చేసినా పొగే రాని పాత బండిని చూసి మురిసిపోకండి, ముందు పంపు చూపించండి. దట్టమైన తెల్లపొగ ఆగకపోతే క్రాంకు సీలు పోయి గేరు ఆయిలు లోపల మండుతోందేమో అడగండి.

పదిహేనేళ్లు ఎప్పుడో దాటిన బండ్లివి. ఆర్‌సీ రెన్యువల్ అయిందో లేదో, ఇంజను, ఛాసిస్ నంబర్లు అందులో ఉన్నట్టే ఉన్నాయో లేదో చూశాకే డబ్బు బయటికి తీయండి.