సహనము, సాహసము: జయసింహ ఆటతీరు

క్రికెట్టు ఆటలో పరుగులు చేయుట యొక విద్య. వికెట్టును కాపాడుకొనుట మరియొక విద్య. మొదటిదానికి సాహసము, రెండవదానికి సహనము మూలము. ఈ రెండును ఒక్కరియందే నెలకొనుట అరుదు. అట్టి అరుదైన ఆటగాండ్రలో సికిందరాబాదు వాస్తవ్యుడగు ఎం.ఎల్. జయసింహ ఒకరు.

ఆయన 1939 వ సంవత్సరము మార్చి 3 వ తేదీన జన్మించెను. పదునైదేండ్ల ప్రాయముననే హైదరాబాదు జట్టున చేరి రంజీ పోటీలలో ఆడెను. 1959 లో భారత జట్టుతో ఇంగ్లండునకు వెడలి, ప్రసిద్ధమగు లార్డ్సు మైదానమున తన మొదటి టెస్టు ఆడెను. ఆ దినములలో ఇంగ్లండునందు క్రికెట్టుచే జీవించువారు, వేడుకకై ఆడువారు అను రెండు తెగలుండెను. 1962 చివర ఆ భేదము తొలగింపబడెను. మన దేశమునందో, పెక్కురు ఆటగాండ్రు ఏదేని ఉద్యోగము చేసికొనుచునే దేశము కొరకు ఆడుచుండిరి.

లార్డ్సులో జయసింహకు చెప్పుకొనదగిన పరుగులు రాలేదు. కాని మరుసటి సంవత్సరమే ఆయనకు కీర్తి లభించెను. 1960 జనవరిలో కలకత్తాయందు ఆస్ట్రేలియాతో టెస్టు జరిగెను. మొదటిదినము సాయంకాలమున ఆయన ఆటకు దిగి, రెండవదినమున 20 పరుగులతో అజేయుడై నిలిచెను. మన జట్టు 194 పరుగులకే ముగియగా, ఆస్ట్రేలియా 331 పరుగులు చేసెను. మూడవదినము చివర ఆయన మరల బ్యాటు పట్టెను. ఓటమి పొంచియున్న సమయమది. నాలుగవదినమంతయు నిలిచి 59 పరుగులు మాత్రమే చేసెను. అయిదవదినమున 74 పరుగులకు వెనుదిరిగెను. ఆట సమముగా ముగిసెను. ఒక టెస్టులోని అయిదు దినములందును బ్యాటు పట్టిన మొదటి ఆటగాడు ఆయనయే.

అదే సంవత్సరము చివర కాన్పూరున పాకిస్తానుపై ఎనిమిది గంటలకు పైగా ఆడి 99 పరుగులు చేసెను. నూరవ పరుగు దక్కకయే రనౌటయ్యెను! అయినను నిరుత్సాహపడక, 1961 డిసెంబరులో ఢిల్లీయందు ఇంగ్లండుపై 127 పరుగులు చేసి ఆ కొరత తీర్చుకొనెను.

ఇట్లు చెప్పినంతమాత్రమున ఆయన మందకొడి ఆటగాడని తలపరాదు. ఆయన బలమంతయు మణికట్టునందుండెను. బలముకొలది బాదువాడు బంతి వేగమునకు ఎదురు నిలుచును. మణికట్టు నేర్పరి ఆ వేగమునే తనకు సాయము చేసికొని, బంతిని తాను కోరిన దిక్కునకు మరల్చును. ఇందుకు కన్ను చురుకుగను, పాదము సిద్ధముగను ఉండవలెను. నిటారైన కాలరుతో, ఠీవిగా నడచివచ్చు ఆయనను చూచుటయే ప్రేక్షకులకు ముచ్చట. తరువాతి తరమున హైదరాబాదు బిడ్డయగు అజహరుద్దీను కూడ కాలరు నిలిపియే ఆడెను.

ఆయన ధైర్యమునకు నికషము 1968 జనవరిలో బ్రిస్బేనున జరిగిన టెస్టు. గాయపడిన ఆటగానికి బదులుగా ఆయనను స్వదేశమునుండి పిలిపించిరి. సుదీర్ఘ ప్రయాణపు బడలిక తీరకమునుపే, క్రొత్త నేలపై ఆటకు దిగి మొదట 74, పిదప 101 పరుగులు చేసెను. గెలుపునకు 395 పరుగులు కావలసియుండగా మన జట్టు 355 పరుగులు చేసి, 39 పరుగుల తేడాతో ఓడెను. జట్టు ఓడినను, ఆయన పోరాటము మాత్రము ఓడలేదు.

భారత జట్టు నాయకుడగు పటౌడీ నవాబు హైదరాబాదు జట్టునందు జయసింహ నాయకత్వముననే ఆడెను. అయినను దేశపు జట్టునకు నాయకత్వము వహించు భాగ్యము జయసింహకు దక్కలేదు. రంజీ బహుమానమును ఆయన నాయకత్వమున హైదరాబాదు గెలువలేదు. సునీల్ గవాస్కరు తన కుమారునకు రోహన్ జయవిశ్వ అని పేరిడుటలో ‘జయ’ యను భాగము జయసింహపై గల అభిమానమునకు గుర్తు. ఇట్టి గౌరవము ఏ బహుమానమునకు తీసిపోవును?

39 టెస్టులలో ఆయన చేసిన పరుగులు 2056, శతకములు మూడు. ఇంతకు మించిన లెక్కలు గలవారు పలువురు కలరు. కాని ఓటమి ముంగిట నిలిచిన జట్టునకు దినమంతయు అండగా నిలుచుటయు, అలసిన దేహముతో దూరదేశమున శతకము చేయుటయు అంకెలకు అందని విషయములు. 1999 లో ఆయన కన్నుమూసెను. నిలువవలసిన వేళ నిలుచుటయు, కదలవలసిన వేళ కదలుటయు తెలిసినవాడే ఆటయందైనను, బ్రతుకునందైనను నేర్పరి యనిపించుకొనును.