కొమ్ము పురుగు ఇంటిపేరు ఎందుకు మారింది?

బాలలూ! తొలకరి వానలు పడ్డ రాత్రి కొబ్బరితోట పక్కనున్న ఇంటి అరుగు మీద దీపం వెలిగించి చూడండి. బర్రుమని రొద చేస్తూ ఒక నల్లని పురుగు వస్తుంది. గోడకు ఢీకొని నేల మీద వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటుంది. దానిని తిరగేసి చూస్తే ముక్కు మీద, వెనక్కు వంగిన కొమ్ము ఒకటి కనిపిస్తుంది. ఇదే కొమ్ము పురుగు. పొడవు నాలుగైదు సెంటీమీటర్లు. మగదాని కొమ్ము పెద్దది, ఆడదాని కొమ్ము చిన్నది.

చూడటానికి ముచ్చటగానే ఉంటుంది గాని, కొబ్బరి రైతుకు దీని పేరు చెబితే గుండె గుభేలుమంటుంది. ఇది కొబ్బరిచెట్టు మొవ్వులోకి తొలుచుకుపోయి లేత కణజాలాన్ని నమిలి రసం తాగుతుంది. తరువాత ఆ మొవ్వులోనుంచి విచ్చుకున్న ఆకులు కత్తెరతో కోసినట్టు కనిపిస్తాయి. దెబ్బ లోతుగా తగిలితే, ముఖ్యంగా లేత మొక్కలలో, చెట్టే చచ్చిపోవచ్చు.

ఈ పురుగు పేరు వెనక ఒక కథ ఉన్నది. అయితే ముందు నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి.

1986లో నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. మా బడి కోనసీమలో, కొబ్బరితోటల నడుమ ఉండేది. ఆ ఏడు కొమ్ము పురుగు బెడద ఎక్కువగా ఉన్నదని రైతులు మొత్తుకుంటున్నారు. నేను ఉత్సాహం కొద్దీ పిల్లలతో, “కొమ్మున్న నల్ల పురుగు కనిపిస్తే పట్టి తీసుకురండి. డజను పురుగులకు ఒక పెన్సిలు ఇస్తాను,” అన్నాను.

వారం తిరగకుండా ఒక పెద్ద బేసిను నిండా చచ్చిన పురుగులు వచ్చాయి. నేను పొంగిపోయి పెన్సిళ్ళు పంచాను.

ఆ సాయంత్రం ఒక కుర్రవాడి తాత బడికి వచ్చాడు. చిన్నప్పటినుంచీ కొబ్బరి దింపు తీసి బతికిన మనిషి. ఆయన బేసిను ముందు గొంతుక్కూర్చుని, ఒక్కొక్క పురుగునే తీసి రెండు కుప్పలుగా పెట్టసాగాడు. చివరకు చూస్తే రెండో కుప్ప మొదటి దానిలో సగం ఉన్నది.

“మాస్టారండీ, ఇయ్యి కొబ్బరి జోలికి పోయేవి కావండీ. పేడ తినేవి. దొడ్లో పడ్డ పేడని రాత్రికి రాత్రి మట్టిలోకి దించేత్తాయి. ఈటినెందుకు సంపించారండీ?” అన్నాడాయన.

నాకు మాట రాలేదు. రెండూ నల్లనివే. రెండింటికీ తల మీద కొమ్మున్నది. నా కంటికి రెండూ ఒకటే అయినాయి. నేనే తెలియక చెప్పినప్పుడు పిల్లలు చేసిన తప్పేమున్నది?

కొన్నాళ్ళకు పిల్లలను ఒక వ్యవసాయ ప్రదర్శన చూడటానికి తీసుకుపోయాను. అక్కడ అద్దాల పెట్టెలో కొమ్ము పురుగును గుండుసూదితో గుచ్చి పెట్టారు. దానికింద చిన్న చీటీ మీద ఇలా రాసి ఉన్నది:

ఒరిక్టెస్ రైనోసెరాస్ (లినేయస్, 1758)

ఆ దింపు తాత మనమడు దానిని కూడబలుక్కుని చదివి, “మాస్టారూ, పురుగు పేరు పక్కన మనిషి పేరెందుకండీ? దాన్ని బ్రాకెట్లో ఎందుకు పెట్టారండీ?” అని అడిగాడు.

“తెలుసుకుని చెబుతానురా,” అన్నాను. తెలుసుకున్నాక నా పొరపాటు సంగతి కూడా మరింత బాగా అర్థమయింది. అదే మీకు చెబుతున్నాను.

లినేయస్ స్వీడన్ దేశస్థుడు, ఉప్సాలా నగరంలో ఆచార్యుడు. ఆయన కాలం దాకా పండితులు ఒక్కొక్క జంతువుకు లాటిన్ భాషలో ఒక వాక్యమంత పేరు పెట్టేవారు. ఒకరు రాసిన పేరు ఇంకొకరు రాసేవారు కాదు. అందుచేత ఎవరు దేనిని గురించి చెబుతున్నదీ తెలియక తికమకగా ఉండేది. ప్రతి ప్రాణికీ రెండే మాటల పేరు ఉండాలని లినేయస్ ఏర్పాటు చేశాడు. మొదటి మాట అది ఏ జాతికి చెందినదో చెబుతుంది. రెండవ మాట ఆ జాతిలో అది ఏదో చెబుతుంది.

మనకు ఇది కొత్త కాదు. మనం ముందు ఇంటిపేరు చెప్పి తరువాత అసలు పేరు చెబుతాం గదా! లినేయస్ పద్ధతి కూడా సరిగ్గా అంతే.

ఆయన రాసిన “సిస్టెమా నేచురే” అనే గ్రంథం 1735లో మొదట అచ్చయింది. అప్పుడది పెద్ద సైజు కాగితాలు కొద్దిగా ఉన్న పలచని పుస్తకం. దాని పదవ కూర్పు 1758లో వెలువడేనాటికి అందులో నాలుగు వేలకు పైగా జంతువులు చేరాయి. ఈనాటికీ జంతువుల శాస్త్రీయ నామాలకు ఆ కూర్పే మొదలు. మన కొమ్ము పురుగుకు అందులో “స్కరబేయస్ రైనోసెరాస్” అని పేరు పెట్టాడు. రైనోసెరాస్ అంటే గ్రీకు భాషలో ముక్కు మీద కొమ్ము గలది అని అర్థం. ఖడ్గమృగానికి కూడా ఆ పేరే ఉన్నది.

అయితే “స్కరబేయస్” అనే ఆ ఇంటిలో మన పురుగొక్కటే లేదు. పేడ ఉండలు దొర్లించే పురుగులున్నాయి. పూల మీద వాలే పచ్చని నిగనిగల పురుగులున్నాయి. చెట్ల ఆకులు తినేవి ఉన్నాయి. దుప్పి కొమ్ముల వంటి దవడలున్నవి కూడా ఉన్నాయి. అది ఒక పెద్ద ఉమ్మడి కుటుంబం! మా పిల్లలు బేసినులో పోసిన రెండో రకం పురుగు, అంటే పేడ పురుగు, అది కూడా అందులోనే ఉన్నది. దానికి లినేయస్ పెట్టిన పేరు “స్కరబేయస్ మొలాసస్”.

చూశారా? నేను ఒకే బేసినులో పోయించిన రెండింటినీ అంతటి లినేయస్ కూడా ఒకే ఇంట్లో పెట్టాడు. అయితే ఆయన వాటిని వేరు వేరు పురుగులుగా గుర్తించి, వేరు వేరు పేర్లు పెట్టాడు. నేను ఆ పాటి కూడా చేయలేదు.

ఉమ్మడి కుటుంబం పెద్దదయిన కొద్దీ వేరుపడక తప్పదు. దేశదేశాల నుంచి కొత్త పురుగులు వచ్చి పడుతున్నాయి. లినేయస్ శిష్యులలో ఫాబ్రీషియస్ అనే డెన్మార్కు దేశస్థుడు ఉండేవాడు. పురుగులను పైపై రూపం చూసి కాక, వాటి నోటి నిర్మాణం చూసి విభజించాలని అతను 1775లో ఒక గ్రంథం రాశాడు. ఇది మంచి ఆలోచన. ఏది ఏం తిని బతుకుతుందో నోరు చాలా వరకు చెబుతుంది. పేడ పురుగు దవడల అంచులు మెత్తన, తడి పేడ తినటానికి తగినట్టుంటాయి. కొమ్ము పురుగు దవడలు గట్టివి. మొవ్వును తొలిచేది వాటితోనే.

తరువాత 1798లో జర్మనీలో, ప్రష్యా ప్రాంతపు పెంకు పురుగులను గురించి ఒక పుస్తకం వచ్చింది. అందులో “ఒరిక్టెస్” అనే కొత్త ఇంటిపేరు పుట్టింది. దానిని పెట్టినవాడు హెల్విగ్. ఆయన బ్రౌన్‌ష్వైగ్ నగరంలో లెక్కల మాస్టారు. చదరంగం నుంచి యుద్ధపు ఆట ఒకటి కల్పించినవాడు కూడాను. ఆ పుస్తకాన్ని తయారు చేసిన ఇల్లిగర్ ఆయన శిష్యుడే. అందుకే పాత పుస్తకాలలో ఈ ఇంటిపేరు పక్కన శిష్యుడి పేరూ, ఇప్పటి వాటిలో గురువు పేరూ కనిపిస్తాయి.

ఒరిక్టెస్ అంటే గ్రీకులో తవ్వేవాడు అని అర్థం. ఆ ఇంటికి మూలపురుషుడు యూరపులో ఉండే కొమ్ము పురుగు, “నాసికార్నిస్”. ఈ మాట లాటిన్. దీనికి కూడా ముక్కు మీద కొమ్ము గలది అనే అర్థం. అందులోని “నాసి”, మన “నాసిక” చుట్టాలే! మన కొమ్ము పురుగు దానికి దగ్గరి చుట్టమని తేలి, ఇది కూడా ఆ ఇంటికే చేరింది.

మరి పేడ పురుగు? దాని జాతికి 1837లో హోప్ అనే ఇంగ్లీషు పండితుడు “కతార్సియస్” అని పేరు పెట్టాడు. గ్రీకులో దానికి శుద్ధి చేసేది అని అర్థం. ఆనాడు దింపు తాత రెండు కుప్పలుగా పెట్టినవి ఇవే: ఒకటి తవ్వేవాడు, రెండోది శుద్ధి చేసేవాడు. ఆయన గ్రీకు చదవలేదు. చెట్టునూ, దొడ్డినీ చదివాడు.

ఇప్పుడు బ్రాకెట్ల సంగతి. ఒక పిల్లవాడు దత్తత పోతే ఇంటిపేరు మారుతుంది గాని, కన్నవారు పెట్టిన పేరు మారదు గదా! పురుగులకూ అదే నియమం. “స్కరబేయస్” పోయి “ఒరిక్టెస్” వచ్చినా “రైనోసెరాస్” అలాగే ఉన్నది. మొట్టమొదట పేరు పెట్టిన వాని పేరూ, ఆ సంవత్సరమూ పక్కనే రాస్తారు. ఆయన పెట్టిన ఇంటిపేరే ఇంకా ఉంటే బ్రాకెట్లు ఉండవు. ఇంటిపేరు మారితే బ్రాకెట్లు పెడతారు. అంటే ఆ రెండు చిన్న గీతలూ, “ఇది మొదట వేరే ఇంట్లో ఉండేది సుమా!” అని మనకు చెబుతున్నాయన్నమాట. ఇటువంటి పేర్ల తగవులు తీర్చటానికి 1895లో ఒక అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. అది ఇప్పటికీ పని చేస్తున్నది.

పాత ఇంటిపేరు మాత్రం మాసిపోలేదు. ఈజిప్టువారు పూర్వం పవిత్రంగా చూసిన, పేడ ఉండలు దొర్లించే పురుగు ఇప్పటికీ స్కరబేయస్సే. ఆ పేరు మీదనే “స్కరబీడే” అనే పెద్ద కుటుంబం ఏర్పడింది. మన కొమ్ము పురుగూ, పేడ పురుగూ రెండూ అందులోవే. ఇంటిపేర్లు వేరైనా గోత్రం ఒక్కటేనన్నమాట.

“ఇంత శ్రమ దేనికి, కొమ్ము పురుగు అంటే చాలదా?” అని మీరడగవచ్చు. మన ఊళ్ళో చాలు. ఊరు దాటితే చాలదు. 1909లో ఈ పురుగు సిలోను నుంచి వెళ్ళిన రబ్బరు మొక్కలతోపాటు పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవులకు చేరింది. కొబ్బరే ఆధారంగా బతికే అక్కడి జనం నానా అవస్థలూ పడ్డారు. 1963లో హ్యూగర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు మలయాలో ఈ పురుగులకు జబ్బు కలిగించే ఒక వైరస్‌ను కనిపెట్టాడు. 1967లో దానిని సమోవాలో వదిలారు. పురుగుల బెడద బాగా తగ్గింది. 1980ల దశకంలో మన లక్షద్వీపాలలోని మినికాయ్ దీవిలో కూడా అదే ఉపాయం చేశారు.

మలయాలో జబ్బు పడ్డదీ, సమోవాలో చెట్లు తిన్నదీ, మినికాయ్‌లో ఉన్నదీ ఒకటే పురుగని ఎలా తెలిసింది? ఒక్కొక్కచోట ఒక్కొక్క భాష. కాని అందరి పుస్తకాలలోనూ “ఒరిక్టెస్ రైనోసెరాస్” అనే ఉన్నది. ఒకచోట నేర్చుకున్నది ఇంకొకచోట పనికివచ్చింది ఆ పేరు మూలంగానే.

కథ ఇంకా ముగియలేదు. 2007లో పసిఫిక్‌లోనే ఉన్న గ్వామ్ దీవిలో ఈ పురుగు కనిపించింది. ఆ పాత వైరస్‌ను వదిలితే అక్కడ పని చేయలేదు. పరీక్షించి చూడగా, పేరు అదే అయినా వంశంలో కొద్ది తేడా గల తెగ అని తేలింది. శాస్త్రజ్ఞులు దానికి గుర్తుగా మరొక అక్షరం చేర్చుకుని ఇప్పటికీ పరిశీలిస్తున్నారు. రెండు కుప్పలుగా వేరు చేయటం అనే పని ఎప్పటికీ పూర్తి కాదన్నమాట.

మీకు ఇలాంటి నల్ల పురుగు దొరికితే చంపటానికి తొందరపడకండి. తల చూడండి. పార లాగా వెడల్పుగా, పలచగా ఉంటే అది పేడ పురుగు; దానిని పోనివ్వండి. తల చిన్నదిగా ఉండి, ఒళ్ళు పొడవుగా ఉండి, కొమ్ము వెనక వీపు మీద గుంట ఉంటే అది కొమ్ము పురుగు, పెద్దవారికి చూపించండి. తోటలో కుళ్ళిన కొబ్బరి మొద్దులూ, ఎరువు గుంటలూ ఉంటే, దాని పిల్లలు అక్కడే తెల్లగా, లావుగా, కొడవలిలా వంగి పెరుగుతాయి. వాటిని ఏరివేయవలసిందని నాన్నగారికి చెప్పండి.

ఆ కుర్రవాడికి బ్రాకెట్ల సంగతి చెప్పిన రోజున వాళ్ళ తాత కూడా బడి గుమ్మంలో నిలబడి విన్నాడు. అంతా విని, “ఆళ్ళు కూడా రెండు కుప్పలే పెట్టారన్నమాట!” అని నవ్వాడు.

ఆనాడు పోయిన పురుగులను నేను తిరిగి తేలేను. కాని ఆ తరువాత మా బడిలో పెన్సిలు బహుమానం మారింది. పురుగులను చంపి తెచ్చిన వారికి కాక, రెండు రకాలకూ తేడా చెప్పగలిగిన వారికే ఇచ్చాను.