శివరాత్రికి మొదలు... రోహిణికి పరీక్ష! సిటీ డాబా మీద తొలి తోట

'స్ప్రింగ్ గార్డెనింగ్ ఫర్ బిగినర్స్' అని యూట్యూబ్‌లో కొట్టి చూడండి. చాలా వీడియోల్లో మొదట వినిపించే మాట ఒకటే: మీ ఊళ్లో ఆఖరుసారి మంచు పడే తేదీ చూసుకోండి, అది దాటాకే విత్తనాలు వేయండి. అమెరికా వాళ్లకు, ఇంగ్లండ్ వాళ్లకు అది ప్రాణం లాంటి లెక్క. మన మియాపూర్‌లో, ఎల్బీనగర్‌లో మంచు ఎక్కడుంది బాస్?

మన లెక్క వేరు. అది ఏ యాప్‌లోనూ ఉండదు, రెండు సామెతల్లో ఉంది. ఒకటి, శివరాత్రికి చలి 'శివ శివా' అంటూ పోతుంది. రెండోది, రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి. శివరాత్రి ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి రెండో వారం లోపు వస్తుంది. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలవుతుంది. మధ్యలో ఉన్న మూడు నెలలే మన వసంతం, మన సీజన్.

హైదరాబాద్‌లో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత ఫిబ్రవరిలో సగటున 31-32 డిగ్రీలు. మార్చిలో 35కి చేరుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 38-39, కొన్ని రోజులు 40 దాటుతుంది. అక్కడ తోటమాలికి చలితో పేచీ, ఇక్కడ మనకు ఎండతో పేచీ. ఎండ అంటే నీళ్లు. అందుకే కొత్తగా మొదలుపెట్టే ఫ్రెండ్స్‌కి నేను ఒకటే చెప్తా: ఫిబ్రవరిలో డాబా మీద ఎంత జాగా ఉందో చూడకండి, మే నెలలో మీ దగ్గర ఎన్ని నీళ్లుంటాయో చూడండి. కుండీల సంఖ్యను తేల్చేది అదే.

ముందు బకెట్, తర్వాత బ్యాగ్

మేం ముగ్గురం కలిసి రెండో అంతస్తులో అద్దెకుంటాం. ముగ్గురిదీ సాఫ్ట్‌వేరే. కింద ఓనర్ వాళ్లు. డాబా అడగడానికి వెళ్తే ఆంటీ రెండు కండిషన్లు పెట్టారు. "చూడు బాబూ, శ్లాబ్ చెమ్మ కొట్టకూడదు. ఎండాకాలం మనకి ట్యాంకర్ వస్తది, తెల్సు కదా. మొక్కలకని మోటార్ వేస్తే మాత్రం ఊరుకోను. అన్నీ తీయించేస్తా." ఆవిడ చెప్పింది న్యాయమే. తాగడానికీ వాడుకోడానికీ నీళ్లు కొనుక్కునే బిల్డింగ్‌లో ఒకడి తోటకూర కోసం ఆరు కుటుంబాలు డబ్బు కట్టవు.

ఆఫీస్‌లో మేం ఏ సర్వర్ పెట్టినా మామూలు రోజు ట్రాఫిక్ చూసి పెట్టం. పెద్ద సేల్ రోజున ఎంతమంది మీద పడతారో లెక్కేసి పెడతాం. తోటకూ అదే సూత్రం. తోటకు మే నెలే ఆ సేల్ రోజు. జనవరిలో ఒక వారం పాటు ఇంట్లో ఒకసారి వాడేసి పారబోసే నీళ్లన్నీ బకెట్‌లో పట్టి కొలిచా. మా ఆర్‌ఓ ఫిల్టర్ బయటకు వదిలేవి రోజుకు సుమారు 25 లీటర్లు. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగినవి ఐదారు లీటర్లు. వేసవిలో ఏసీ పైపు కింద క్యాన్ పెడితే ఇంకో నాలుగైదు. మొత్తం 35 లీటర్లు.

ఇప్పుడు ఖర్చు వైపు చూద్దాం. 12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు ఉన్న గ్రోబ్యాగ్‌కి ఫిబ్రవరిలో రోజుకు లీటరు నీళ్లు చాలు. మే నెలలో పొద్దున, సాయంత్రం కలిపి రెండున్నర లీటర్ల దాకా తాగుతుంది. 35ని రెండున్నరతో భాగిస్తే 14. అంతే, మా తోట 14 బ్యాగులు. డాబా మీద 50 పట్టే జాగా ఉన్నా సరే.

ఒక జాగ్రత్త. మీ ఆర్‌ఓకి వచ్చేది బోరు నీళ్లయితే, అది బయటకు వదిలే నీళ్లలో ఉప్పు ఇంకా ఎక్కువుంటుంది. చిన్న టీడీఎస్ మీటర్‌తో చూడండి. వెయ్యి దాటితే ఆ నీళ్లు మొక్కలకు వద్దు, ఇల్లు తుడవడానికి వాడుకోండి. అంతకంటే తక్కువున్నా పది రోజులకోసారి మంచి నీళ్లు, కుదిరితే ఏసీ నీళ్లు, బ్యాగ్ అడుగు నుంచి బయటకు కారేలా పోయాలి. మట్టి పైన తెల్లటి పొర కడుతోందంటే ఉప్పు పేరుకుంటోందని అర్థం.

శ్లాబ్ భయం, బరువు లెక్క

మిద్దెతోట అన్న మాట తెలుగు ఇళ్లలో పాకడానికి ముఖ్య కారకుల్లో రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి ఒకరు. సొంత డాబా మీద ఏళ్ల తరబడి కూరగాయలు పండించి, పుస్తకం కూడా రాశారు. సొంతిల్లు ఉన్నవాళ్లు ఇటుకలతో మడులు కట్టుకోవచ్చు. అద్దె వాళ్లకు మాత్రం ఎప్పుడంటే అప్పుడు ఎత్తుకెళ్లగలిగే బ్యాగులే దిక్కు.

తడిసిన గ్రోబ్యాగ్ ఒక్కోటి సుమారు 25 కిలోలు తూగుతుంది. భవనాల డిజైన్‌కి మన దేశంలో వాడే ఐఎస్ 875 ప్రమాణం ప్రకారం, మనుషులు ఎక్కి తిరిగే డాబాకు చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 150 కిలోల బరువు లెక్కలోకి తీసుకోవాలి. చదరపు మీటరుకు రెండే బ్యాగులు పెడితే 50 కిలోలు. అవి కూడా డాబా మధ్యలో గుంపుగా కాకుండా, కింద గోడలు, బీములు ఉండే అంచుల వెంబడి పెట్టాలి. పాత బిల్డింగ్ అయితే ఒకసారి సివిల్ ఇంజనీర్‌ని అడగడం మంచిది.

చెమ్మకు మందు ఇంకా సులువు. ప్రతి బ్యాగ్ కింద ఇటుకలు పెట్టి, నాలుగు వేళ్ల ఎత్తున లేపండి. కారిన నీళ్లు నిలవకుండా పోతాయి, కింద ఊడ్చుకోవచ్చు. ఇంకో లాభం, వేసవిలో పెనంలా కాలే శ్లాబ్ వేడి నేరుగా వేళ్లకు తగలదు.

మెట్ల గదికో, వాటర్ ట్యాంక్‌కో తూర్పు పక్కన జాగా ఉంటే అది బంగారం. పొద్దుటి ఎండ తగులుతుంది, మధ్యాహ్నం మూడింటి ఎండ తగలదు. బయట తెల్లగా ఉండే బ్యాగులు తీసుకోండి. నల్లవి త్వరగా వేడెక్కుతాయి.

మట్టి కలపడం ఒక ఆదివారం పని

నాలుగు పాళ్లు ఎర్రమట్టి, మూడు పాళ్లు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్ట్, మూడు పాళ్లు కోకోపీట్. బ్యాగ్‌కి ఒక గుప్పెడు వేపపిండి. అంతకు మించి హంగులు మొదటి సీజన్‌కి అక్కర్లేదు. ఐదు కిలోల కోకోపీట్ దిమ్మను నానబెడితే 70 లీటర్ల దాకా ఉబ్బుతుంది, 14 బ్యాగులకు ఒక్కటి సరిపోతుంది. నానాక ఒకసారి పిండి ఆ నీళ్లు పారబోయండి, అందులో ఉప్పు ఉంటుంది. బ్యాగ్ పైన రెండు అంగుళాలు ఖాళీ వదలండి.

ఆ ఖాళీ ఎందుకంటే ఆకుల కోసం. మన సిటీలో వసంతం అంటే పూలకన్నా ముందు రాలే ఆకులు. ఫిబ్రవరి, మార్చిలో వీధుల్లోని కానుగ చెట్లు ఆకు రాల్చి కొత్త చిగురు తొడుగుతాయి. ఊడ్చి కుప్పపోసిన ఆ ఎండుటాకులను చాలాచోట్ల కాల్చేస్తారు. ఒక గోనెసంచి నింపి తెచ్చుకోండి, పైసా ఖర్చు లేదు. మట్టి మీద రెండు అంగుళాల మందాన పరిస్తే ఎండకు నీళ్లు ఆవిరైపోవడం బాగా తగ్గుతుంది. మే నెల కోసం మీరు మార్చిలో చేసే పొదుపు ఇదే.

ఏం వేయాలి? రోజుల లెక్కతో...

తోటకూర, గోంగూర, పాలకూర: నాలుగు బ్యాగులు. 25 నుంచి 40 రోజుల్లో కోతకు వస్తాయి. తోటకూరలో అర్క సుగుణ రకం దొరికితే పలుమార్లు కోసుకోవచ్చు. పాలకూరకు మార్చి దాటితే ఎండ దెబ్బ. తోటకూర, గోంగూర గట్టి పిండాలు.

బెండ: నాలుగు బ్యాగులు, ఒక్కోదానిలో రెండు మొక్కలు. ఎండంటే ఇష్టం. 45-50 రోజుల్లో కాయ. బెంగళూరు ఐఐహెచ్ఆర్ విడుదల చేసిన అర్క అనామికను పల్లాకు తెగులును తట్టుకునేలా తయారుచేశారు. రెండు రోజులకోసారి కోయకపోతే కాయ ముదురుతుంది.

గోరుచిక్కుడు: రెండు బ్యాగులు. నీళ్లు తక్కువైనా తట్టుకుంటుంది.

బీర: ఒక బ్యాగ్, పాకడానికి తాడు. పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. కింద బుల్లి కాయ ఉన్నది ఆడ పువ్వు. తేనెటీగలు రాకపోతే మగ పువ్వు తెంపి దాని పుప్పొడిని ఆడ పువ్వుకు అద్దాలి. యూఎస్ కాల్‌కి ముందు ఐదు నిమిషాల పని.

వంగ: ఒకటి. నర్సరీ నుంచి నారు తెచ్చుకుంటే నెల కలిసొస్తుంది.

పుదీనా: ఒకటి. మార్కెట్ కట్టలోంచి గట్టి కాడలు ఏరి గుచ్చడమే. మధ్యాహ్నం నీడ ఉండాలి.

బచ్చలి: ఒకటి. దీనికి విత్తనమే అక్కర్లేదు. మా అమ్మ నల్గొండ నుంచి ఫోన్‌లో చెప్పింది: "తీగ ముక్క విరిచి గుచ్చు బిడ్డా, అదే బతుకుతది." బతికింది.

లిస్టులో టమాటా లేదేంటి అనుకుంటున్నారా? ఫిబ్రవరి చివర్లో విత్తనం వేస్తే పూత ఏప్రిల్‌లో వస్తుంది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా వేడిగా ఉంటే టమాటా పూత నిలవక రాలిపోతుంది. మొక్క ఏపుగా కనిపిస్తుంది, కాయ మాత్రం ఉండదు. దాన్ని వానాకాలానికి దాచండి. కొత్తిమీర, మెంతికి కూడా ఇది చివరి ఛాన్స్. మార్చి సగం దాటితే కొత్తిమీర ఆకు పెట్టడం మానేసి పూతకు పోతుంది.

ఏప్రిల్ పరీక్ష

ఏప్రిల్ రెండో వారంలో మా బోరు సన్నబడింది. రెండు రోజులకో ట్యాంకర్. గ్రౌండ్ ఫ్లోర్ అంకుల్ మెట్ల దగ్గర అడిగేశారు: "పైన తోటకి మా వాటా నీళ్లు పోతున్నాయా తమ్మీ?" మాటల్తో వాదించలేదు. ఆయన్నీ ఆంటీనీ పైకి తీసుకెళ్లి డ్రమ్ము చూపించా. ఆర్‌ఓ పైపు, పక్కన బియ్యం కడిగిన నీళ్ల బకెట్, అంతే. డాబా మీదున్న ట్యాంక్ కుళాయికి పైపు కూడా లేదు. ఆంటీ ఆకుల కింద చెయ్యి పెట్టి చూసి, "లోపల చల్లగా ఉందే" అన్నారు. ఆ వారం నుంచి వాళ్లింటి బియ్యం కడిగిన నీళ్లు కూడా పైకి వస్తున్నాయి. అంకుల్‌కి వారానికో కట్ట గోంగూర కిందకు వెళ్తోంది.

అదే నెలలో నా కొలీగ్ ఒకతను తన 60 కుండీల్లో సగం వదులుకున్నాడు. అతనికి మొక్కలంటే నాకన్నా ఎక్కువ ప్రేమ. ఏం లాభం, వాళ్ల అపార్ట్‌మెంట్‌లో నీళ్లు రోజుకు గంటే వదిలారు.

ఎండ ముదిరాక మిగతా పనులు చిన్నవే. ఏప్రిల్ మొదటి వారానికి 50 శాతం షేడ్‌నెట్ కట్టాలి. పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం ఆరు తర్వాత నీళ్లు. పిండినల్లి, పేనుబంక కనిపిస్తే ముందు నీళ్లతో గట్టిగా కడగండి. తగ్గకపోతే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి. మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు మాడుతుంది.

డబ్బులు మిగులుతాయా?

నిజం చెప్పాలంటే, మొదటి సీజన్‌లో మిగలవు. ఎనిమిది బెండ మొక్కల రెండు కోతలు కలిపితే మా ముగ్గురికి ఒక పూట వేపుడు. ఆకుకూర మాత్రం వారానికి రెండుసార్లు కొనే పని తప్పింది. ఇంటి మొత్తం కూరలకు ఇదే ఆధారం అనుకుంటే నిరాశే. కానీ రోజూ మోరీలో కలిసే 35 లీటర్లకు ఒక విలువ వచ్చింది. ఒకరి ముఖం ఒకరు చూసుకోని బిల్డింగ్‌లో మూడిళ్ల మధ్య బకెట్లు తిరుగుతున్నాయి.

కాబట్టి విత్తనాల ఆర్డర్ పెట్టేముందు ఈ వారం ఒక బకెట్ తీసుకుని మీ ఇంటి వాడేసిన నీళ్లు కొలవండి. వచ్చిన లీటర్లను రెండున్నరతో భాగించండి. ఐదు బ్యాగులే వచ్చాయా? ఐదే పెట్టండి. రోహిణి ఎండను దాటిన ఐదు బ్యాగులు చాలు. జూన్ 8 ప్రాంతంలో మృగశిర వస్తుంది, వెనకాలే వానలు. అప్పుడు ఆకాశమే నీళ్లు పోస్తుంది, మీకు ఇంకో పది బ్యాగులు పెట్టే ధైర్యం వస్తుంది. టమాటా వంతు అప్పుడే.